చెరో సగం

జిప్పు వీపు మధ్యలో ఆగిపోయింది. కింద నుంచి తోస్తే చెయ్యి అంతవరకే పోతుంది, పై నుంచి లాగుదామంటే చెయ్యి అంతవరకు రాదు, మధ్యలో జానెడు వీపు ఎవరిదీ కానట్టు గాలికి తెరుచుకుని ఉంది. ఈ రబ్బరు సూటు కుట్టినవాడెవడో గాని, తొడుక్కునే మనిషి వెనకాల ఇంకో మనిషి నిలబడి ఉంటాడన్న నమ్మకంతో కుట్టాడు. నిలబడేవాడు, ఇన్నాళ్లూ నిలబడేవాడు. నేను తిరిగి నిలుచుంటే బావ సర్రున లాగేవాడు, లాగి మెడ దగ్గర ఒక్కటి చరిచేవాడు, బస్తా కుట్టేశాక లారీ ఎక్కించే ముందు హమాలీ చరిచినట్టు. తర్వాత తను తిరిగేవాడు, నేను లాగి చరిచేవాణ్ణి. చెల్లుకు చెల్లు. జిప్పుకి పొడుగాటి పట్టీ ఒకటి ఉండేది, ఒంటరిగా వచ్చేవాళ్లు తమంతట తాము లాక్కోవడానికి. మెడకి టపటపా కొట్టుకుంటోందని కొన్న కొత్తలోనే కోసి పారేశాను. అక్కర్లేని సరుకు అరలో ఉంచకూడదన్నది నా సూత్రం. ఆ సూత్రం ఇప్పుడు వీపు మీద చల్లగా తగులుతోంది.

తాళ్లమ్ముకునేవాడికి తాడు కరువా అనుకున్నాను. సన్నతాడు ముక్క ఒకటి జిప్పు కంతలో దూర్చి, రెండో కొస షెడ్డు గుంజకి ఎత్తులో కట్టి, బడిలో గుంజీ తీసినట్టు మెల్లగా కిందికి కూర్చున్నాను. ఒళ్లు దిగింది, జిప్పు బెత్తెడు ఎక్కింది. ఇంకా దిగుదామంటే మోకాలు ఒప్పుకోలేదు. ఎవరైనా చూస్తున్నారేమోనని చుట్టూ చూసి, అటు మాత్రం చూడకూడదనుకుంటూనే అటు చూశాను. నీళ్లలోకి పడవలు దించే సిమెంటు వాలుకి అవతల బావ, సూటు మెడ దాకా బిగించుకుని, కళ్లజోడు వెనక తాడు సర్దుకుంటూ, ముహూర్తానికి ముందే తయారైన పెళ్లికొడుకులా ఉన్నాడు. ఎవరు లాగి ఉంటారు? ఈ ఒడ్డు మీద తెరచాపలు నేర్పే ఈల మాస్టారే అయ్యుంటాడు. అటుగా పోతుంటే పిలిచి ఉంటాడు, కాస్త ఇది లాగండి మాస్టారూ అని. బావకి అడగడం వచ్చు. ఎవరినైనా ఏదైనా పళ్లికిలించి అడగగలడు. నాకు వచ్చిందల్లా లేదు, కాదు, కుదరదు అనడమే. మా ఇద్దరి తాళ్ల కొట్టులో అది నా సగం. అడగడం తన సగం.

రేపు పొద్దున్నే మేస్త్రీ వస్తాడు. ఇటుకలు ఇప్పటికే దిగిపోయాయి, కొట్టు ముందు ఇసక కుప్ప మీద వీధికుక్క కాపురం పెట్టింది. మధ్య నుంచి గోడ లేస్తే చెరో సగం. గోడ దగ్గర మాకు పేచీ లేదు, ఆ మాటకొస్తే గొడవైనప్పటి నుంచి మేమిద్దరం ఒప్పుకున్నది గోడ ఒక్కటే. పేచీ అంతా మూల దగ్గర. రెండు వీధులు కలిసేచోట, రెండువైపులా షట్టరుతో, దారిన పోయే ప్రతి కన్నూ పడే మూల. ఆ సగం దక్కినవాడు వ్యాపారి, రెండో సగం దక్కినవాడు గోడౌనుకి కాపలావాడు. చీట్లు వేద్దామంటే రాసే చెయ్యి ఎవరిదని అనుమానం. పెద్దమనుషుల్ని కూర్చోబెడదామంటే ఆ పెద్దమనుషులందరూ మా దగ్గర టార్పాలిన్లు కొనేవాళ్లే, ఇవాళ చెప్పిన తీర్పు రేపు బేరంలో వసూలు చేసుకుంటారు. చివరికి బావే అన్నాడు, మా అక్క ముందు, నా మొహం చూడకుండా. నీళ్ల మీద తేల్చుకుందాం, తెరచాప ఎత్తుకుని, బోర్డు మీద నిలబడి, నీళ్లలో తేలే ఆ పసుపు బోయా చుట్టి ముందు ఒడ్డెక్కినవారిది మూల, మీ తమ్ముడుగారికి చెప్పు అని. ఎదురుగా కూర్చున్న నాకు మా అక్క చేత చెప్పించాడు. గారు ఒకటి. గొడవైన రోజు నుంచి నేను గారూ, మీరూ అయిపోయాను. నిక్కర్లేసుకున్ననాటి నుంచి ఏరా, ఒరేయ్, బామ్మర్దీ అన్న నోరు మీరు అంటుంటే, తెలియని ఊళ్లో బస్సు దింపేసి వెళ్లిపోయినట్టుంటుంది నాకు. మా అక్క ఇద్దరినీ మార్చి మార్చి చూసి, గాలి మీద కొట్టు పంచుకునే మగాళ్లని మిమ్మల్నే చూశాను, పొండి అంది. ఆ పొండి ఎవరికన్నదో, ఎక్కడికన్నదో నేనడగలేదు.

గాలి మాత్రం ఇవాళ ఎలా ఉందని. వారమంతా ఆడించి ఆడించి, ఇవాళ మాత్రం ఎడమ చెవి మీదుగా ఒకే తీరున, ఒకే బరువుతో వీస్తోంది. దూరంగా నీళ్ల మీద తెల్లటి నురగ గీతలు. ఇలాంటి గాలి కోసం ఎన్ని ఆదివారాలు గట్టు మీద కూర్చుని నోట్లో ఇసక నములుకుంటూ ఎదురుచూశామో. గాలి గురించి నాకు తెలిసిందొక్కటే: దాన్ని గోడౌనులో పెట్టుకోలేం. ఉన్నప్పుడే కదిలించాలి. పైగా ఈల మాస్టారి చట్టం ఒకటుంది, సూర్యుడు ఆ నీళ్లట్యాంకు వెనక్కి దిగగానే ఈల వేస్తాడు, ఈల పడ్డాక ఒడ్డు మీదున్నవాడు ఒడ్డు మీదే, రాజైనా సరే. ఇప్పుడు సూర్యుడికీ ట్యాంకుకీ మధ్య మనిషి పట్టేంత సందు ఉంది. అంతే.

నా సగం పని నేను చకచకా చేసేశాను, అందులో వంక పెట్టే పనిలేదు. బోర్డు తిరగేసి ఫిన్ బిగించాను, అదే, నీళ్లలో బోర్డు పక్కకి జారకుండా అడుగున చేప రెక్కలా నిలబడేది. దాని మర ఇసకలో పడిందంటే ఇక దొరకదు, అందుకే నోట్లో పెట్టుకుని బిగిస్తాను, ఉప్పగా, ఇనుము రుచిగా. పాదాలు దూర్చే పట్టీలు సరిచూశాను. చేతులతో పట్టుకునే బూమ్ దులిపి, దాని చివర తాడు మార్చి, నడుం పట్టీ కొక్కెం తగిలే ఉచ్చులు రెండువైపులా సరిసమానంగా ఉన్నాయో లేదో మోచెయ్యి పెట్టి కొలిచాను. ఈ పనులు నావి. తెరచాపని నిలబెట్టే మాస్ట్ బావది. మాస్టూ, దాన్ని తెరచాప గొట్టంలోకి ఎక్కించడం, అడుగున కప్పీల్లోంచి తాడు తిప్పి తెరచాపని కిందికి గుంజి బిగించడం, అవన్నీ ఆయనవి. ఎవరూ రాసుకోలేదు. కొట్టులో ఆయన కొంటాడు, నేను అమ్ముతాను. ఫ్యాక్టరీలు, లారీలు, సరుకు పట్టుకుని వేలితో రాసి చూడటం ఆయన. గల్లా, గిరాకీ, బేరం, లేదని చెప్పడం నేను. ఒడ్డు మీదికి వచ్చినప్పుడు కూడా అదే అలవాటు కాళ్లతో పాటు నడిచొచ్చింది. ఆయన నిలబెట్టేవాడు, నేను పట్టుకోవడానికి పిడి కట్టేవాణ్ణి. ఒక్కరోజు కూడా నేను మాస్ట్ ముట్టుకోలేదు, ఆయన ఫిన్ ముట్టుకోలేదు. అవసరమేముంది? ఎంత తెలివితక్కువ లెక్క. ఇద్దరం కలిసి ఒక పని నేర్చుకున్నామనుకున్నాం, చెరో సగం పని నేర్చుకున్నాం.

అటు చూస్తే బావ బోర్డు ముందు మోకాళ్ల మీద కూర్చుని ఇసకలో వేళ్లతో దేవులాడుతున్నాడు. మర పోయిందన్నమాట. నోట్లో పెట్టుకోవాలని ఆయనకెవరు చెప్పాలి? నేను చెప్పను. పోనీ, అనుకున్నాను, పోనీ వెతుక్కోనీ. కానీ ఆ వంగిన వీపు చూస్తుంటే నాకు సంతోషం రావలసినంత రాలేదు. అది ఇంకా చిరాకు.

గొడవంతా పచ్చతాడు దగ్గర మొదలైంది. ఎవరిదో తాళ్ల ఫ్యాక్టరీ మూతపడుతుంటే, ఆ యజమాని భుజమ్మీద చెయ్యేసి కళ్లనీళ్లు పెట్టుకున్నాడని, ఉన్న పచ్చతాడంతా మా బావ ఎత్తుకొచ్చేశాడు. నన్నడగలేదు. ఆకుపచ్చ అంటే ఆకుపచ్చ కాదు, చూస్తే కళ్లు పుల్లబడే పచ్చ. ఎవరు కొంటారు? పడవవాళ్లు నీలం అడుగుతారు, లారీవాళ్లు పసుపు అడుగుతారు. అటక నిండిపోయి, మెట్ల కిందికి దిగి, ఆఖరికి నా కుర్చీ వెనక్కొచ్చి కూర్చుంది ఆ తాడు. పాత గిరాకీ ఒకాయన వచ్చి ఏంటయ్యా కొట్టులో చిలకలు పెంచుతున్నారా అన్నాడు. అప్పుడన్నాను, అందరి ముందూ, మా బావకి కొనడం వచ్చు, వ్యాపారం రాదు అని. అన్నదాంట్లో అబద్ధం లేదు. ఆయన కళ్లజోడు తీసి జేబులో పెట్టుకుని, అమ్మడానికేముంది, నోరుంటే చాలు అన్నాడు. అదీ అందరి ముందే. ఆ గిరాకీ మెల్లగా జారుకున్నాడు. కళ్లజోడు లేకపోతే బావకి నా మొహం మసగ్గా కనిపిస్తుంది, ఆ సంగతి నాకు తెలుసు, చూడదలచుకోలేదు కాబట్టే తీసేశాడని కూడా తెలుసు. ఆ మాట తర్వాత మళ్లీ ఎవరూ గట్టిగా మాట్లాడలేదు. గట్టిగా అరుచుకుని ఉంటే సాయంత్రానికి సర్దుకునేది. మెల్లగా అనుకున్న మాటలే దిగబడిపోతాయి.

సరే మాస్ట్. తెరచాపకి వెన్నెముక అది, రెండు ముక్కల గొట్టం. కింది ముక్క చివర నాలుకలా పొడుచుకుని ఉంటుంది, పై ముక్క దానిమీదికి దిగి కూర్చోవాలి. బావ చేస్తుంటే ఎన్నిసార్లు చూడలేదు, దూర్చి, కొంచెం మెలితిప్పి, అరచేత్తో ఒక తోపు, అయిపోయేది. కవర్లు విప్పాను. కవర్లు మా అక్క కుట్టినవి, కొట్టులో మిగిలిన కాన్వాసు ముక్కలతో, ఒక్కో ముక్కకీ ఒక్కో గలీబులాగా. సామాను పంచింది కూడా అక్కే, వరండాలో పరుచుకుని కూర్చుని, ఇది నీకు, ఇది ఆయనకి, ఇది నీకు అంటూ. రెండు మాస్టుల ముక్కలు నాలుగు గలీబుల్లో చుట్టి పడున్నాయి, నా రెండు నేను భుజానేసుకుని వచ్చాను. దూర్చాను. దూరలేదు. మెలితిప్పాను. గోరు మందం కూడా దిగలేదు. ఇసక చేరిందేమోనని నీళ్ల దాకా పోయి కడుక్కొచ్చాను. తుడిచాను. సబ్బు రాస్తే జారుతుందని ఎవరో అన్నట్టు గుర్తు, సబ్బెక్కడిది, ఉమ్మి రాశాను. పై ముక్క నేలకి నిలబెట్టి, కింది ముక్క ఎత్తి కుదేశాను. నా అరచెయ్యి కమిలింది తప్ప అది కదల్లేదు. ఇందులో ఏదో కిటుకుంది, ఆ కిటుకు బావ చేతిలో ఉంది, నేను ఇన్నేళ్లు చూసి కూడా చూడలేదు. ఇంత చిన్న పని. ఒక గొట్టం ఇంకో గొట్టంలోకి. గుమస్తా ఎవడైనా నా ముందు ఇలా తంటాలు పడుతుంటే ఏమనేవాణ్ణి? అన్నం తింటున్నావా అనేవాణ్ణి.

సూర్యుడు ట్యాంకు అంచుకి దగ్గరపడ్డాడు. గాలి ఇంకా అలాగే ఉంది, విసుగు లేకుండా. నాకు ఈ ఒడ్డు మొదటిరోజు గుర్తొస్తోంది, ఇప్పుడెందుకు గుర్తురావాలో. ఈల మాస్టారు మా దగ్గర తాళ్లు కొనడానికి వచ్చి, ఇది సాగుతుందా అంటే సాగదన్నాను, అది సాగింది. తిరిగి తెచ్చి బల్ల మీద పడేసి, తాడు అమ్మేవాళ్లకి తాడు ఏంచేస్తుందో తెలియాలి కదా, ఓసారి రండి అన్నాడు. నేను కుదరదన్నాను. బావ వస్తామన్నాడు. అంతే మా కథ, నేను కుదరదనడం, ఆయన వస్తామనడం, ఆఖరికి ఇద్దరం వెళ్లడం. ఆ రోజంతా బావ పడుతూనే ఉన్నాడు. లేవడం, పడటం, లేవడం, పడటం, కళ్లజోడు నీళ్లలో పోగొట్టుకుని గుడ్డివాడిలా చేతులు చాపి నవ్వుతూ ఒడ్డు ఎటురా అని అరిచాడు. ఇటు బావా, నా గొంతు పట్టుకుని రా అని అరిచాను. నా గొంతు పట్టుకునే వచ్చాడు. నోరుంటే చాలంట. ఆ రోజు ఆ నోరే కదా.

ఇలాంటివి తలుచుకుంటే చేతిలో పని సాగదు. మళ్లీ దూర్చాను. మళ్లీ దూరలేదు. తాడు తెగేదాకా లాగకూడదంటారు, దీన్ని విరిగేదాకా తోస్తే ఏమవుతుందో చూద్దామనిపించి, షెడ్డు గోడకి ఆనించి భుజంతో తోశాను. గోడ మీద సున్నం రాలింది. అటు నుంచి బావ చూస్తున్నాడు. నేను చూసేసరికి తల తిప్పుకున్నాడు. నవ్వుకుంటున్నాడు, ఖాయం. నీ సగం నీకెలా ఉంది బామ్మర్దీ అనుకుంటున్నాడు. కాదు, బామ్మర్దీ అనుకోడు, ఎలా ఉందండీ అనుకుంటాడు.

అప్పుడు చూశాను ఆయనేం చేస్తున్నాడో. ఆయన మాస్ట్ కింది ముక్క ఒళ్లో పెట్టుకుని, దాని నాలుకకి ఏదో చుడుతున్నాడు. చుట్టి, పై ముక్క దానిమీద పెట్టి, ఊపి చూసి, తీసి మళ్లీ చుడుతున్నాడు. ఎండకి ఆ చుట్టేది మెరిసింది. పచ్చతాడు. నాకు నవ్వొచ్చింది, ఇంతకాలానికి ఆ తాడుకో గిరాకీ దొరికింది, అదీ కొన్నవాడే. నవ్వు సగంలో ఆగింది. మాస్టుకి బావ ఏదైనా చుట్టడం నేనెప్పుడూ చూడలేదు. మాస్ట్ ఆయన పని. ఆయన అరచేత్తో ఒక తోపు తోస్తే కూర్చునేది. మరి ఎందుకు చుడుతున్నాడు? వదులుగా ఉంటే చుడతారు. ఆయనకి వదులు. నాకు బిగుతు. చెప్పుల దుకాణంలో ఒక గిరాకీకి చెప్పు పట్టకుండా, పక్క గిరాకీకి అదే చెప్పు జారిపోతుంటే కుర్రగుమస్తా కూడా చెబుతాడు, డబ్బాలు మారిపోయాయి అని. ఒకచోట తక్కువైనంత ఇంకోచోట ఎక్కువైతే అది లోపం కాదు, తారుమారు. మాకున్న రెండు మాస్టుల్లో ఒకటి లావుది, ఒకటి సన్నది. నా ఒళ్లో ముక్కలు రెండూ పక్కపక్కన పెట్టి ఇప్పుడు చూశాను. కిందిది లావు, పైది సన్నం. గుడ్డివాడు కూడా తడిమి చెప్పేంత తేడా. సరుకు దించుకునేటప్పుడే విప్పి చూసుకోవాలి అని గోడ మీద రాయించినవాణ్ణి నేను. అక్క చేతి గలీబు కదాని విప్పలేదు. వేలితో రాసిచూడందే దారప్పోగు కొనని మా బావా విప్పలేదు.

కాబట్టి ఆయన తన పై ముక్క ఇచ్చి నాది తీసుకోవాలి. లేదా నేను నాది ఇచ్చి ఆయనది తీసుకోవాలి. రెండూ ఒకటే, కాని ఒకటి కాదు. బేరంలో ముందు గడప దాటినవాడు సగం ఓడినట్టే. పోనీ ఊరుకుంటే? ఊరుకుంటే ఇద్దరం నీళ్లలోకి దిగలేం, మూల ఎవరికీ రాదు, రేపు మేస్త్రీ వచ్చి షట్టరు ఎటుపక్క సార్ అంటాడు. ఆయనకి సంగతి తెలిసిందా? తెలియలేదు, తెలిస్తే అంత ఓపిగ్గా చుట్టడు. చుట్టి చుట్టి నీళ్లలోకి దిగుతాడు. నడిమధ్యలో, పెద్ద అల మీద, ఆ పచ్చతాడు తడిసి జారుతుంది, మాస్ట్ పటుక్కున రెండవుతుంది, తెరచాప బరువు మీద పడుతుంది, కళ్లజోడు పోతుంది. ఒడ్డు ఎటురా అంటాడు. అనడు. మీరు అన్న మనిషిని ఒడ్డెటురా అని ఎలా అడుగుతాడు? ఈ ఆలోచన నాకు నచ్చలేదు. ఈ ఆలోచన తెచ్చిన వాణ్ణి, అంటే నన్ను, తిట్టుకుంటూ, సన్నముక్క భుజాన పెట్టుకుని, వీపు మీద జిప్పు నోరు తెరుచుకుని ఉండగా, సిమెంటు వాలు దాటాను. నాచు మీద ఓసారి జారాను కూడా. చూసే ఉంటాడు.

బావ తల ఎత్తలేదు. "పందెం మానుకుంటున్నారా?" అన్నాడు.

"సరుకు తారుమారైంది బావా. నీ పై ముక్క నా దగ్గరుంది, నాది నీ దగ్గరుంది."

చుట్టడం ఆపాడు. నా భుజం మీది ముక్కని చూశాడు, ఒళ్లోదాన్ని చూశాడు, కళ్లజోడు ముక్కు మీదికి తోసుకుని మళ్లీ రెంటినీ చూశాడు. పచ్చతాడు చుట్టలు ఒక్కొక్కటే విప్పాడు, తొందరేమీ లేనట్టు.

"అందుకా," అన్నాడు. "నా చేతులే పని మర్చిపోయాయనుకున్నాను. పొద్దు వాలిన మనిషినైపోయాను కాబోలని."

ఆయన అలా అనుకుంటూ కూర్చున్న సేపంతా నేను ఇటు కూర్చుని నవ్వుతున్నాడనుకున్నాను. ఈ లెక్క ఎక్కడ వెయ్యాలో నాకు తెలియలేదు. ఆయన లేచి, నా వెనక్కొచ్చి, "ఇదేంటిది, వీధి తలుపులాగా," అని సర్రున లాగాడు. మెడ దగ్గర ఒక్కటి పడింది. మామూలు కంటే గట్టిగానే పడింది. నేను వంగి, ఆయన బోర్డు పక్కన ఇసక చేత్తో పాయలు తీస్తూ వెతికి, మర తీసి, నోట్లో పెట్టుకుని, ఫిన్ బిగించాను. నోట్లో మర ఉన్నప్పుడు మాట్లాడక్కర్లేదు, అదొక సుఖం.

"పంచింది ఎవరు?" అన్నాడు వెనక నుంచి.

మర తీశాను. "అక్క."

"ఏది దేనిదో మీ అక్కకి తెలీదా?"

ప్రతి ఆదివారం సాయంత్రం ఇవన్నీ మంచినీళ్లతో కడిగి మేడ మీద ఆరేసేది ఆవిడే. సన్నం పక్కన సన్నం, లావు పక్కన లావు. ఎన్నేళ్లుగానో. "గలీబులన్నీ ఒకే గుడ్డ కదా, పొరపాటు పడుంటుంది," అన్నాను.

"మీ అక్కా? పొరపాటా?" అన్నాడు బావ, ముక్కుతో ఒక నవ్వు నవ్వి. ఆ నవ్వులో కోపం ఎంతో, భయం ఎంతో విడదీసి తూచడం నా వల్ల కాలేదు. పెళ్లయిన రోజు నుంచి ఆ మనిషితో ఉన్నాడు, ఆయనకి తెలియాలి.

రెండు తెరచాపలు ఎత్తే వేళ లేదిక. ఒకటి ఎత్తగలం, ఇద్దరం పడితే. ఎవరిది అని ఎవరూ అనలేదు, దగ్గరగా ఉందని ఆయనదే పరిచాం. బావ సన్నముక్కని సన్నముక్క మీద పెట్టి, కొంచెం మెలితిప్పి, అరచేత్తో ఒక తోపు తోశాడు. కూర్చుంది. ఇంతసేపు నా ప్రాణం తీసిన పని అరక్షణం పట్టింది, కడుపు మండింది నాకు. తెరచాప గొట్టంలోకి మాస్ట్ ఎక్కిస్తుంటే నేను ఎదురుగా గుడ్డ మడతలు విప్పుతూ పోయాను. కప్పీల్లోంచి తాడు తిప్పుతున్న ఆయన వేళ్లని ఈసారి చూశాను, కింద నుంచి పైకి, పై నుంచి కిందికి, ఒకదాన్నొకటి దాటకుండా. బూమ్ నేను తగిలించాను, ఆయన భుజం ఎత్తుకి. వెనక తాడు నేను లాగాను. అప్పుడాయన ఇసకలో కూర్చుని, మాస్ట్ అడుగున పాదం తన్నిపెట్టి, తాడు పిడికి చుట్టి వెనక్కి వాలి గుంజాడు. మెడ నరాలు లేచాయి. చాల్లేదు. నేను ఆయన వెనక కూర్చుని, ఆయన నడుం పట్టీ పట్టుకుని నేనూ వాలాను. తెరచాప కిర్రుమంది, ముడతలు ఒక్కొక్కటే చచ్చిపోయాయి, పై అంచు మాత్రం వదులుగా, ఆకులా ఆడింది. అలాగే ఆడాలి. బావ కళ్లు మూసుకుని దాని చప్పుడు విని, "ఊఁ," అన్నాడు. వేలితో మీటితే డప్పులా పలికింది. ఇంత బాగా బిగిసిన తెరచాప మేం ఈ ఒడ్డు మీద ఎన్నడూ ఎత్తలేదు, ఆ సంగతి నేను ప్రమాణం చేసి చెప్పగలను.

బోర్డు నీళ్ల అంచుకి లాగాం. మాస్ట్ అడుగు బోర్డులో టక్కుమని కూర్చుంది. చల్లటి నీళ్లు చీలమండలు దాటాయి. ఈల పడింది.

సూర్యుడు ట్యాంకు వెనక పూర్తిగా దిగనైనా లేదు, అంచు ఎర్రగా కనిపిస్తూనే ఉంది. చెయ్యెత్తి అటు చూపించాను. ఈల మాస్టారు తల అడ్డంగా ఊపి, ఇంకోసారి ఊదాడు. రాజైనా సరే. ఇంత గాలి, ఇంత మంచి తెరచాప, బొటనవేళ్లు నీళ్లలో పెట్టుకుని ఇద్దరు మనుషులం, ఆ మనిషికి ఇంకొక్క నిమిషం చేతికి రాలేదు. మా దగ్గర తాడు కొనడానికి రానీ, చెబుతాను. గాలి తెరచాపలో దూరి ఎత్తుకుపోబోతుంటే ఆయన మాస్టూ నేను బూమూ పట్టుకుని వేలాడుతున్నాం. అది లాగుతోంది. వదిలితే ఎగిరిపోతుంది, పట్టుకుంటే చేతులు పీకుతున్నాయి.

"రేపు మధ్యాహ్నం కూడా గాలి ఇలాగే ఉంటుందటరా," అన్నాడు బావ, నీళ్లకేసి చూస్తూ.

రా అన్నాడు. నేను విననట్టే ఊరుకున్నాను, విన్నానని తెలిస్తే వెనక్కి తీసుకుంటాడేమోనని. "రేపు మేస్త్రీ వస్తాడుగా," అన్నాను.

"వస్తాడు. రమ్మన్నది నేనే."

"అయితే వద్దని నువ్వే చెప్పు."

"రమ్మనడం వరకే నాది. వద్దనడం ఏనాడైనా నాకు చేతనైందా?"

మెడలో వేలాడుతున్న నీళ్లు చొరని సంచిలోంచి ఒంటిచేత్తో ఫోను తీశాను. తడివేలికి అది పలకదు. సూటుకి తుడిస్తే సూటూ తడే. బావ బోర్డు మీది తువ్వాలు అందించాడు. మేస్త్రీ ఎత్తాడు, వెనకాల ఎవరో పిల్లలు అరుస్తున్నారు. కొట్టులో వాడే గొంతు నాకు వెతుక్కోకుండానే వచ్చింది. లేదు మేస్త్రీ, రేపు కుదరదు అన్నాను. ఎల్లుండి? ఎల్లుండీ కుదరదు. ఎప్పుడు సార్ మరి? నేనే చెబుతాలే. మేస్త్రీ ఇటుకల గురించి ఇంకేదో చెబుతుంటే ఫోను చెవి నుంచి కాస్త పక్కకి తీశాను.

"ఇటుకలు వాపసు తీసుకోరంట," అన్నాను.

బావ తల వంచుకున్నాడు. ఆ ఇటుకలు కొన్నదీ ఆయనే.

"ఉండనీలే," అన్నాను, ఫోనులోకో, ఆయనతోనో. "పచ్చతాడు పక్కన పడుంటాయి."